రెండు రోజుల్లో అహోబిలం నవ నారసింహులు: బెంగళూరు నుంచి వెళ్తే ఏది ముందు, ఏది తర్వాత?

కేఆర్‌పురం_నడక

నల్లమల అడవిలోని అహోబిలానికి, అక్కడి తొమ్మిది నారసింహ గుళ్ళు చూడడానికి, డిసెంబరులో ఆరుగురం వెళ్దామనుకుంటున్నాం. అందులో నాన్నగారు, మామయ్యగారు అరవై దాటినవాళ్ళు. శుక్రవారం రాత్రి ఇక్కడ బస్సెక్కితే శనివారం పొద్దున్నే ఆళ్ళగడ్డలో దిగుతాం. ఆదివారం రాత్రికి తిరుగు బస్సు. దిగగానే ఎగువ అహోబిలం వెళ్ళి జ్వాలా, మాలోల, ఉగ్రస్తంభం శనివారమే చూసేసి, దిగువవి, పావన ఆదివారానికి పెట్టుకుందామని ఆలోచన. పెద్దవాళ్ళిద్దరూ ఈమధ్యే బెంగళూరు దగ్గరి శివగంగ కొండ మీద నంది దాకా ఎక్కి దిగారు. ఆ లెక్కన జ్వాలా దాకా నడవగలరా? పావనకి నడక మంచిదా, జీపు మంచిదా? నీళ్ళు, బూట్లు, కర్రల సంగతి కూడా చెప్పండి.

నల్లమల_దారి

క్రమం తిరగేయండి. రాత్రంతా బస్సులో నిద్రలేకుండా కూర్చుని దిగిన పూటే జ్వాలా దారిలోని భవనాశిని వాగు లోయలోకి దిగడం మంచిది కాదు. అక్కడ కాలు జారేది బలం చాలక కాదు, చూపు ఒక్క క్షణం తప్పి. మొదటి రోజు దిగువ అహోబిలంలో ప్రహ్లాదవరదుణ్ణి చూసి, గదిలో రెండు గంటలు పడుకుని, ఆటోలో ఛత్రవట (దిగువ నుంచి 3 కి.మీ.), యోగానంద (2 కి.మీ.), భార్గవ (2 కి.మీ.) చూడండి. భార్గవకి మాత్రం కొన్ని మెట్లుంటాయి, మిగతా రెండూ దాదాపు గుడి ముందే దిగుతారు. మధ్యాహ్నం గుళ్ళు మూస్తారు కాబట్టి, ఆ పూట వేళలు దిగువ గుళ్ళో అడిగి బయల్దేరండి.

రెండో రోజు తెల్లవారగానే ఎగువకి. రెండింటికీ మధ్య 8 కి.మీ. రోడ్డు, ఎగువ ఇంకో కిలోమీటరు ఉందనగా రోడ్డు పక్కనే కారంజ నారసింహుడు. గుహలో ఉన్న అహోబిల నారసింహుణ్ణి చూసుకుని నడక మొదలుపెడితే సుమారు 1 కి.మీ.కి వరాహ నారసింహుడు (క్రోడ అని కూడా అంటారు), మాలోల 2, జ్వాలా 4. మూడూ చూసి తిరిగి ఎగువకి రావడానికి ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి నాలుగున్నర నుంచి ఆరు గంటలు. ముందు జ్వాలాకి వెళ్ళండి, వచ్చేటప్పుడు మాలోల. ఎండ ఎక్కకముందే కష్టమైన దారి అయిపోతుంది. మాలోల వైపు మెట్లు ఉంటాయి కాబట్టి అలసిన కాళ్ళతోనైనా ఎక్కొచ్చు. అక్కడి నుంచి ప్రహ్లాద బడి (ప్రహ్లాదుడు చదువుకున్నాడని చెప్పే గుహ) దగ్గరే, వదలొద్దు.

శివగంగ లెక్క ఇక్కడ పనికిరాదు. అది గ్రానైటు కొండ. మెట్లు చెక్కి ఉంటాయి, నిటారుగా ఉన్నచోట కమ్మీలుంటాయి, ఎండిన గ్రానైటు అరికాలిని పట్టుకుంటుంది. నల్లమల కొండలు క్వార్ట్‌జైటు, పలకరాయి. క్వార్ట్‌జైటు పగిలితే అంచు కత్తిలా ఉంటుంది, వాగునీళ్ళు తడిపితే అద్దంలా జారుతుంది. పైనుంచి దొర్లిపడిన బండలు ఒకదాని మీద ఒకటి కూర్చుని ఉంటాయి, కాలు పెడితే ఊగుతాయి. శివగంగలో ఊపిరి అందాలి, ఇక్కడ మడమ, మోకాలు నిలవాలి. నాన్నగారికి దిగేటప్పుడు మోకాలు నొప్పి ఉందా? అదొక్కటి కనుక్కోండి. ఉంటే ఎగువలో డోలీ మాట్లాడండి. మనిషి బరువునిబట్టి, ఎంతవరకు మోయాలన్నదాన్నిబట్టి ధర చెబుతారు. జ్వాలా ఒక్కటేనా, మాలోల కూడానా అన్నది ఎక్కకముందే తేల్చుకోండి. సగం దారిలో బేరం పెట్టడం వాళ్ళ శ్రమకి అన్యాయం.

ఉగ్రస్తంభం ఈ రెండు రోజుల్లో పెట్టుకోవద్దు. అది నవ నారసింహుల్లో ఒకటి కాదు. హిరణ్యకశిపుడి కొలువులోని స్తంభం ఇదేనని నమ్మే చీలిన శిఖరం అది. జ్వాలా దారికి ఇంకో మూడు నాలుగు గంటలు కలుస్తాయి, చివర ఎక్కుడు చేతులు వాడి ఎక్కాల్సింది, పైన గాలి తోస్తుంది. జ్వాలా గుడి దగ్గర తలెత్తితే ఆ కొండ కనిపిస్తుంది, పెద్దవాళ్ళకి ఆ దర్శనం చాలు. కుర్రవాళ్ళు వెళ్ళి తీరతామంటే వేరే రోజు, ఆ దారి తెలిసిన మనిషిని వెంటపెట్టుకుని వెళ్ళాలి. పదిన్నరకల్లా చివరి ఎక్కుడు మొదలు దగ్గరికి చేరకపోతే వెనక్కి తిరగాలి.

దిగువ_వీధి

పై సమాధానం సరిగ్గా ఉంది గానీ పావన గురించి రాలేదు. ఎగువ నుంచి నడిస్తే 6 కి.మీ. అడవిదారి. తోడు తెలిసినవాళ్ళు లేకుండా ఆ దారి పట్టొద్దు. దిగువ నుంచి జీపు వెళ్తుంది, కానీ దాన్ని దారి అనుకుని వెళ్తే నిరాశే: రాళ్ళు, వాగు గుంటలు, మనిషి సీటు మీద ఎగిరెగిరి పడతాడు. నడుంనొప్పి ఉన్నవాళ్ళకి జ్వాలా నడక కంటే ఇదే కష్టం. సొంత కారు అసలు తీసుకెళ్ళొద్దు.

ఇంకో సంగతి. శనివారం పావనకి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు మొక్కులు తీర్చుకోవడానికి వస్తారు, అక్కడే వండుకుంటారు. చెంచులకి నారసింహుడు ఇంటి అల్లుడు, చెంచులక్ష్మి వాళ్ళ ఆడపడుచు. ఆ సందడి చూడదలిస్తే శనివారమే మంచిది. ప్రశాంతంగా దర్శనం కావాలంటే, జీపు సులువుగా దొరకాలంటే శనివారం కాకుండా వేరే రోజు చూడండి. మీకు సోమవారం సెలవు పెట్టే వీలుంటే శనివారం రాత్రి బయల్దేరండి. ఆదివారం దిగువ మూడు, పావన. సోమవారం ఎగువ. సోమవారం లోయలో జనం తక్కువ, ఇరుకు బండల మీద ఎదురొచ్చేవాళ్ళకి దారి ఇస్తూ నిలబడే పని ఉండదు.

తేదీ ఖాయం చేసేముందు పంచాంగం తెరిచి స్వాతి నక్షత్రం ఎప్పుడో చూడండి. అది స్వామి జన్మనక్షత్రం, ఆ రోజు గదులు దొరకవు. ఫాల్గుణంలో బ్రహ్మోత్సవాలప్పుడూ అంతే. జనవరికి వాయిదా వేస్తే ఇంకోటి గుర్తుంచుకోండి: కనుమ నాటి నుంచి పారువేట. ఉత్సవమూర్తులు నలభై రోజులకు పైగా ఊరూరా తిరుగుతారు, దిగువ గుళ్ళో మూలవిరాట్టు దర్శనమే ఉంటుంది. పల్లకి దారిలో ఎదురైతే మాత్రం ఆగి చూడండి, చాలా చోట్ల ఊరేగింపు గుడి చుట్టూ తిరుగుతుంది, ఇక్కడ స్వామే ఊళ్ళ గడప దాకా వెళ్తాడు.

వాగుదాటు

బూట్లు, కర్రల సంగతి నేను రాస్తాను.

అడుగున రబ్బరు గాడులు లోతుగా ఉన్న బూట్లు కావాలి. గాడులు అరిగిపోయిన పాత జాగింగ్ బూట్లే ఎక్కువమందిని జారుస్తాయి. కొత్తవి కొంటే కనీసం మూడు వారాలు తొడిగి తిరగండి, లేకపోతే మొదటి రెండు కిలోమీటర్లకే మడమ బొబ్బెక్కుతుంది. కాలిగోళ్ళు రెండు రోజుల ముందే కత్తిరించుకోవాలి. దిగేటప్పుడు వేళ్ళు ముందుకు గుద్దుకుని గోరు నల్లబడేది అందుకే. మొక్కుకుని వట్టి కాళ్ళతో నడిచేవాళ్ళు కూడా బూట్లు సంచిలో పెట్టుకోవాలి. పంచె కట్టుకుంటే మోకాలి పైకి దోపాలి, తడిసిన అంచు కాలికి చుట్టుకుంటుంది.

కర్ర ఎగువలో దొరుకుతుంది, నిలబడితే మోచేయి ఎత్తు వచ్చేది తీసుకోండి. వాగు దాటేటప్పుడు కర్ర ప్రవాహం వచ్చే వైపు గుచ్చి, ముఖం కూడా అటే తిప్పి, పక్క అడుగులతో దాటాలి. కర్ర, రెండు కాళ్ళు, ఈ మూడింట్లో ఒకసారి ఒక్కటే కదలాలి. నీళ్ళు మోకాలు దాటితే ఆగిపోండి. డిసెంబరులో నీళ్ళు తక్కువే గానీ తుపాను వాన పడితే లోయ మాట వేరు. మీ నెత్తిన ఎండ కాస్తున్నా పైన కొండమీద వాన పడితే చాలు. తేటగా ఉన్న నీళ్ళు మట్టిరంగు తిరిగి ఆకులు, పుల్లలు కొట్టుకొస్తుంటే సంచి సర్దుకోవడానికి కూడా ఆగకుండా గట్టెక్కాలి.

మనిషికి రెండు లీటర్ల నీళ్ళు, రెండు ఓఆర్‌ఎస్ పొట్లాలు. వాగునీళ్ళు కాచకుండా తాగొద్దు. తినడానికి చపాతీ, అటుకులు, వేరుశనగ ఉండలు. పండ్లు, ప్లాస్టిక్ కవర్లు చేతిలో పట్టుకుంటే కోతులు లాక్కుంటాయి, సంచి లోపల పెట్టండి. ఖాళీ కవరు ఒక్కటి కూడా అడవిలో వదలకండి. తేనెపట్టు కనిపించిన చోట సెంటు, పొగ, కేకలు వద్దు. ఇది పులులు, ఎలుగుబంట్లు తిరిగే అడవి కాబట్టి చీకటితో బయల్దేరొద్దు, విడివిడిగా నడవొద్దు. డిసెంబరులో లోయలోకి చీకటి ఊళ్ళోకంటే ముందే దిగుతుంది, నాలుగింటికల్లా ఎగువ గుడి దగ్గర ఉండాలి.

కేఆర్‌పురం_నడక

సోమవారం సెలవు పెడుతున్నాను, శనివారం రాత్రి బస్సు. ఉగ్రస్తంభం తీసేశాం. మామయ్యగారికి దిగేటప్పుడు ఎడమ మోకాలు నొప్పి ఉందట, అడిగితేగానీ చెప్పలేదు. ఆయనకి డోలీ. నాన్నగారు నడుస్తానంటున్నారు. ఇంకా నాలుగు వారాలుంది, ఇక్కడ ఏం సాధన చేయించాలి?

వాగుదాటు

మీ అపార్ట్‌మెంట్ మెట్లు చాలు. మొదటి వారం రోజు విడిచి రోజు పది అంతస్తులు, రెండో వారం పదిహేను. దిగేటప్పుడు లిఫ్టు ఎక్కనివ్వకండి, మోకాలికి సాధన దిగడంలోనే ఉంది. మూడో వారం మూడు కిలోల సంచి తగిలించండి, అదే బూట్లతో. రోజూ పళ్ళు తోముకునేటప్పుడు ఒక్కో కాలి మీద అర నిమిషం నిలబడమనండి, ఊగే బండ మీద ఆ నిలకడే కావాలి. పక్కన గోడ ఉండాలి. చివరి నాలుగు రోజులు మెట్లు మానేసి మామూలు నడక. బీపీ మాత్ర వేసుకుంటుంటే కొండ రోజు వేళ మార్చాలా అన్నది డాక్టరును అడగండి, మానేయడం మాత్రం వద్దు.

నల్లమల_దారి

డోలీ ఉన్నా మామయ్యగారికి కర్ర, బూట్లు తప్పవు. మరీ ఇరుకైన చోట్ల దింపి నాలుగడుగులు నడిపిస్తారు. మీలో ఒకరు ఎప్పుడూ డోలీ వెంటే ఉండండి. మోసేవాళ్ళు మనకంటే చాలా వేగంగా వెళ్తారు, ఆయన ఒక్కరే ముందు జ్వాలాకి చేరి గంటసేపు కూర్చోవలసి వస్తుంది. ఫోను సిగ్నలు మీద ఆధారపడకుండా వరాహ గుడి దగ్గర ఒకసారి, మాలోల దారి చీలే చోట ఒకసారి అందరూ కలిశాకే ముందుకు కదలాలని ముందే మాట అనుకోండి.