సగంలో కనబడిన పాత సినిమాను వదలలేకపోవడానికి కారణం ఏమిటి?

ప్రశ్న (రిమోట్ రాయుడు):
చూడదలచుకున్న పాత చిత్రాల జాబితా ఒకటి నా స్ట్రీమింగ్ ఖాతాలో పేరుకుపోయి ఉంది. అయినా దాని జోలికి పోకుండా కేబుల్‌లో ఛానెళ్లు మారుస్తూ కూర్చుంటాను. ఎక్కడో సగం గడిచిపోయిన నలుపు తెలుపు చిత్రం తగిలితే చివరిదాకా చూస్తాను. తీరా చూస్తే అది నా జాబితాలో ఎప్పటినుంచో ఉన్నదే. ప్రకటనల బెడద ఉన్నా, కోరిన చోట ఆపుకునే వీలు లేకపోయినా, కేబుల్‌లో చూడటంలోనే ఎక్కువ సంతోషం కలుగుతోంది. ఇది వట్టి అలవాటేనా? కనెక్షన్ తీసివేయాలా వద్దా అని ఆలోచిస్తున్నాను కనుక అడుగుతున్నాను.

జవాబు (పాతరీలు):
అలవాటు ఒక్కటే కాదండీ. జాబితా ముందు కూర్చున్నప్పుడు ఎంపిక భారమంతా మన మీదే పడుతుంది. ఛానెల్‌లోనైతే ఆ పని మరొకరు చేసిపెడతారు. పైగా టీవీ పదేపదే వేయడం వల్లనే క్లాసిక్‌లైన చిత్రాలూ ఉన్నాయి. 1946లో వచ్చిన ‘ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్’ విడుదలైనప్పుడు ఆశించినంత వసూలు చేయలేదు. 1974లో దాని కాపీరైట్‌ను పునరుద్ధరించకపోవడంతో అమెరికాలోని టీవీ కేంద్రాలు ఏటా క్రిస్మస్ రోజుల్లో దాన్ని విరివిగా ప్రసారం చేశాయి, అది పండుగ చిత్రంగా స్థిరపడింది. 1994 నాటి ‘ది షాషాంక్ రిడెంప్షన్’ కూడా థియేటర్లలో అంతంతమాత్రంగానే ఆడింది. ఆ తరువాత వీడియో క్యాసెట్లు, కేబుల్ ఛానెళ్లలోని పునఃప్రసారాలు దానికి ప్రేక్షకులను తెచ్చిపెట్టాయి. ఎవరూ వెతుక్కొని చూడని చిత్రం కంటబడి నిలిచిపోవడం కేబుల్ వల్ల కలిగే మేలు.

జవాబు (ఫ్రేము పట్టింపు):
పై మాటలో నిజం ఉంది కానీ, టీవీ పాత చిత్రాలకు చేసిన హాని కూడా చెప్పుకోవాలి. వెడల్పు తెర కోసం తీసిన దృశ్యాలను ఆనాటి టీవీ తెర కొలతకు తగ్గట్టు రెండు పక్కలా కత్తిరించి చూపించేవారు. ఇద్దరు మాట్లాడుకుంటున్న దృశ్యంలో ఒకరు మాయమయ్యేవారు. 1986లో హాలీవుడ్ స్టూడియో ఎం.జి.ఎం. పాత చిత్రాల భాండాగారాన్ని సొంతం చేసుకున్న అమెరికా కేబుల్ టీవీ వ్యాపారి టెడ్ టర్నర్, వాటిలో కొన్నిటికి రంగులద్దించి దర్శకుల ఆగ్రహానికి గురయ్యారు. విచిత్రం ఏమిటంటే, 1994 ఏప్రిల్ 14న మొదలై, పాత చిత్రాలను కోతలూ ప్రకటనలూ లేకుండా అందించిన టర్నర్ క్లాసిక్ మూవీస్ ఛానెల్ కూడా ఆయన సంస్థ నెలకొల్పినదే. అందులో రాబర్ట్ ఆస్బర్న్ చిత్రానికి ముందు వచ్చి, దాని నిర్మాణం గురించీ నటీనటుల గురించీ నాలుగు మాటలు చెప్పేవారు. జాబితాలోని చిన్న బొమ్మ మీద నొక్కినప్పుడు ఆ పరిచయం దొరకదు. నన్నడిగితే, అటువంటి ఛానెల్ ఒక్కటి ఉన్నా కనెక్షన్ ఉంచుకోవచ్చు, లేకపోతే తీసివేయవచ్చు.

జవాబు (ఎపిసోడ్ల పిచ్చి):
సినిమాల సంగతి ఎలా ఉన్నా, పాత సీరియళ్లలో చాలావాటిని మధ్యలో అందుకున్నా ఇబ్బంది ఉండదు. ‘ది ట్వైలైట్ జోన్’లో 156 ఎపిసోడ్లు ఉన్నా ప్రతిదీ విడి కథే. డిటెక్టివ్ సీరియల్ ‘కొలంబో’లో హంతకుడెవరో మొదట్లోనే చూపించేస్తారు కనుక, అరగంట ఆలస్యంగా వచ్చినవారికి కూడా అతడు ఎలా దొరికిపోతాడన్న కుతూహలం చెక్కుచెదరదు. ఇప్పటి ధారావాహికల్లో ఒక్క భాగం తప్పినా కథ చేజారిపోతుంది. అసలు పునఃప్రసారం అనేది లాభసాటి వ్యాపారమని నిరూపించిన తొలి కార్యక్రమాల్లో 1951లో మొదలైన ‘ఐ లవ్ లూసీ’ ఒకటి. ప్రత్యక్ష ప్రసారాలదే రాజ్యంగా ఉన్న రోజుల్లో దాన్ని 35 ఎం.ఎం. ఫిల్మ్ మీద తీయడం వల్లనే ఎపిసోడ్లు నాణ్యంగా నిలిచి ఉన్నాయి.

రిమోట్ రాయుడు:
అందరికీ కృతజ్ఞతలు. కనెక్షన్ ప్రస్తుతానికి ఉంచుతున్నాను. ఒక సందేహం: నా టీవీలో పాత చిత్రాల్లోని మనుషులందరూ లావుగా కనబడుతున్నారు, ఎందుకు?

ఫ్రేము పట్టింపు:
దాదాపు చతురస్రానికి దగ్గరగా ఉండే ఆ దృశ్యాన్ని మీ టీవీ 16:9 తెర నిండేలా సాగదీస్తోంది. చిత్ర పరిమాణం సెట్టింగ్‌లో 4:3 ఎంచుకోండి. ఇరువైపులా నల్లని పట్టీలు వస్తాయి, వాటిని అలాగే ఉండనివ్వండి.