గండికోటలో లోయ ఒక్కటే కాదు, కోట కూడా బాగా చూడాలంటే ఎలా?

సీమపిల్ల:
అందరికీ నమస్కారం. డిసెంబర్‌లో నాన్నతో గండికోట వెళ్తున్నాను. ఆయనకి 67 ఏళ్లు, మోకాళ్ల నొప్పి, కానీ చరిత్ర అంటే ప్రాణం. పోయినసారి ఫ్రెండ్స్‌తో వెళ్లి పెన్నా లోయ దగ్గర సూర్యోదయం చూసి, ఫొటోలు దిగి గంటన్నరలో వచ్చేశాం. కోట గురించి ఒక్క ముక్క తెలుసుకోలేదని ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఈసారి ఎక్కడ మొదలుపెట్టాలి? నాన్న నడవగలరా? అదే నా టెన్షన్.

పెన్నాగట్టు:
చెల్లెమ్మా, మాది జమ్మలమడుగే, అక్కడికి ఓ 15 కిలోమీటర్లు. కోట లోపల చాలావరకు చదునే, మీ నాన్నగారు నిదానంగా నడవొచ్చు. లోయ అంచున మాత్రం బండలెక్కి దిగాలి, అక్కడ చెయ్యి వదలొద్దు. లోయ చివరికి పెట్టుకోండి, తూర్పు వాకిలి దగ్గర మొదలుపెట్టండి. ఇనుప రేకులు, మేకులు కొట్టిన ఆ చెక్క తలుపులు దాటితే ఎదురయ్యేది ఊరే, ఇప్పటికీ జనం ఉంటున్న ఊరు. తర్వాత పావురాల గోపురం, జైలు, మసీదు, దాని పక్కనే ధాన్యాగారం, రంగనాథుని గుడి, మాధవరాయని గుడి. మాధవరాయని గుడిలో మూలవిరాట్టు లేదు, అయినా ఆ గోపురం, స్తంభాలు చూస్తే విజయనగరం పని అని తెలిసిపోతుంది. రాయల తరఫున యుద్ధాలు చేసిన పెమ్మసాని నాయకుల కోట ఇది.

పాతరాయి:
పైన అన్న చెప్పిన వరస బాగుంది. దానికి తోడు ఒక కథ మీ నాన్నగారికి చెప్పండి. 17వ శతాబ్దంలో గోల్కొండ సుల్తాను తరఫున మీర్ జుమ్లా అనే సేనాని ఈ కోట పట్టుకున్నాడు. 1652లో టావెర్నియే అనే ఫ్రెంచి నగల వ్యాపారి ఆయన్ని కలవడానికి ఇక్కడికే వచ్చాడు. డేరాలో కూర్చున్న మీర్ జుమ్లా కాలివేళ్ల సందుల్లో కొన్ని ఉత్తరాలు, ఎడమచేతి వేళ్ల మధ్య కొన్ని పెట్టుకుని, ఒక్కోటీ తీసి జవాబులు రాయించేవాడట, టావెర్నియే కళ్లారా చూసి రాసుకున్నాడు. అది చదివాక ఆ కోటలో నడుస్తుంటే నాకు ఒళ్లు గగుర్పొడిచింది. మసీదు ముందున్న కత్తుల కోనేరు దగ్గర కూడా కాసేపు ఆగండి, యుద్ధం నుంచి వచ్చి కత్తులు కడిగితే నీళ్లు ఎర్రబడేవని ఊళ్లోవాళ్లు చెప్తారు.

గడపదాటి:
నేను మా అమ్మతో వెళ్లాను. మేం మాట్లాడుకున్న గైడు అన్నీ పరుగులమీద చూపించి పంపేశాడు, అమ్మ చాలా చిన్నబుచ్చుకుంది. మర్నాడు మేమిద్దరమే మళ్లీ వెళ్లి ధాన్యాగారంలో అరగంట కూర్చున్నాం. బయట ఎండ మండిపోతుంటే లోపల చల్లగా ఉంది, వంపు తిరిగిన పైకప్పు కింద గొంతు గుమ్మటంలోలా మోగింది, గోడకి చెయ్యి ఆనిస్తే రాయి చల్లదనం అరచేతికి ఎక్కింది. ఇంకో మాట, ఆ ఎర్రరాతి మీద పేర్లు చెక్కుతున్నవాళ్లు కనిపిస్తే దయచేసి ఆపండి. నాకు కడుపు మండిపోయింది.

సీమపిల్ల:
అన్నా, అక్కా, అందరికీ చాలా థ్యాంక్స్. నాన్నకి ఇదంతా చదివి వినిపించాను. కాలివేళ్ల మధ్య ఉత్తరాల దగ్గర ఆపి మళ్లీ చదవమన్నారు. ఒక రోజు అనుకున్నది రెండు రోజులు చేశాం, లోయ రెండో రోజు సాయంత్రం.