సమస్య: వాన వెలిసె ననుచు వగచె తల్లి

నాగావళి (శ్రీకాకుళం):
అందరికీ నమస్కారం. ఈ వారం సమస్య (పద్యానికి చివరి పాదం ఇస్తే, ముందు మూడు పాదాలూ మిగతావాళ్లు పూరించడం) ఇచ్చే వంతు నాది. ముందే చెప్తున్నా, ఇది గ్రంథాలు తిరగేసి తీసింది కాదు, మా హాల్లో పుట్టింది. ఈ ఏడు (2025) మే 24కే రుతుపవనాలు కేరళను తాకేశాయి (మామూలుగా జూన్ 1 కదా, 2009 తర్వాత ఇంత తొందరగా రావడం ఇదేనట), దానికి తోడు బంగాళాఖాతంలో అల్పపీడనం. రోహిణి కార్తెలో రోళ్లు పగలాలి, మా పెరట్లో రోలు నిండి పొర్లుతోంది. ఇంట్లో నా పిల్లలిద్దరు, సెలవులకొచ్చిన ఆడపడుచు పిల్లలు ముగ్గురు, మొత్తం అయిదుగురు. ఆరు రోజులుగా గడప దాటలేదు. హాల్లో అడ్డంగా కట్టిన తాళ్ల మీద ఆరని బట్టలు, వాటి కింద దొంగా పోలీసు, ఆ బట్టల ముక్క వాసన, అష్టాచమ్మా ఆటలో చింతపిక్క ఒకటి తగ్గితే మావాడు మింగాడేమోనని అరగంట టెన్షన్ (చివరికి వాడి నిక్కరు జేబులోనే దొరికింది). ఇలాంటప్పుడు వాన వెలిస్తే తల్లి పండగ చేసుకోవాలి. కానీ మీ పద్యంలో ఏడవాలి.

వాన వెలిసె ననుచు వగచె తల్లి

ఆటవెలది నాలుగో పాదం ఇది. కొత్తవాళ్ల కోసం: గణమంటే గురువులు (పొడవుగా పలికే అక్షరాలు), లఘువులు (పొట్టిగా పలికేవి) చేరిన చిన్న గుంపు, వాటిలో చిన్నవి సూర్యగణాలు, పెద్దవి ఇంద్రగణాలు. 1, 3 పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు, 2, 4 పాదాల్లో అయిదూ సూర్యగణాలే. యతి (పాదం మొదటి అక్షరంతో పొంతన) నాలుగో గణం మొదటి అక్షరానికి. ప్రాసయతి (దాని బదులు ఆ రెండు చోట్లా రెండో అక్షరాలు కలవడం) చెల్లుతుంది. ప్రాస (అన్ని పాదాల్లో రెండో అక్షరం ఒకటే ఉండడం) అక్కర్లేదు. కానివ్వండి.

చంపావతి (విజయనగరం):
అక్కా, ఇది మా ఇంట్లో నిన్న సాయంత్రం జరిగిందే, కల్పన ఏమీ లేదు.

ఇంట నుండలేక యెగిరిరి గుంటలు
గుంటలోన దూకి గుడ్డలెల్ల
బురద చేసి రింక బుగ్గలు గూడను
వాన వెలిసె ననుచు వగచె తల్లి

కృష్ణా కాలవ (గుంటూరు):
చంపావతి గారూ, పద్యం నడక బావుంది కానీ గుంటలు ఎగరడమేమిటండీ? గుంటలు గుంటలోన దూకడమేమిటి? మొదటి పాదంలో ఏదో అచ్చు తప్పు పడ్డట్టుంది.

నాగావళి:
అచ్చు తప్పు కాదండీ, మా జిల్లాల్లో పిల్లల్ని గుంటలనే అంటాం. గుంటడు, గుంట, గుంటలు. మొదటిది పిల్లలు, రెండోది నీళ్ల గుంట. మా అత్తగారు పద్యం విని "మరి వామన గుంటలు ఆడే గుంటలనేటి అంటార్రా" అని నవ్వారు.

గంటస్తంభం (విజయనగరం):
చెల్లెమ్మా చంపావతీ, "గుంట"తో ఆట బాగా కుదిరింది, రాజమండ్రి దాటితే అర్థం కాదు గాని మనకి చాలు. మొదటి పాదంలో ఇ–యె యతి సరిపోయింది. మూడో పాదంలో "బుగ్గలు గూడను" వచ్చాక బొమ్మ కనిపించింది, అంతకుముందు అది వట్టి ఫిర్యాదే.

ఉద్దానం (పలాస దగ్గర):
మాస్టారూ, నేను కొత్త. మొదటి పద్యం. తప్పులుంటే తిట్టకండి, దిద్దండి.

రోళ్లు పగులు నెండ రోహిణి కార్తెలో
చాప పరచి యమ్మ చల్లమిరప
కాయ లెండబెట్ట గాలితో నురుముతో
వాన వెలిసె ననుచు వగచె తల్లి

గంటస్తంభం:
తమ్ముడూ, మొదటి పద్యమే ఇంత శుభ్రంగా ఉంటే తిట్టడానికేముంది. గణాలు వేలు పెట్టి లెక్కపెట్టాను, ఒక్కటీ జారలేదు. "చల్లమిరప / కాయ" అని మాటని పాదం దాటించడమూ తప్పు కాదు, ఆటవెలదిలో చెల్లుతుంది. చిక్కల్లా అర్థంతో వచ్చింది. గాలీ ఉరుములతో వాన "వచ్చింది" అని నీ ఉద్దేశం కదా? వెలియడం అంటే రావడం కాదు, ఆగిపోవడం. రంగు వెలిసింది అంటాం చూడు, ఆ వెలియడమే ఇది.

ఉద్దానం:
మరి దేవుడు వెలిశాడు అంటాం కదా మాస్టారూ? మా ఊరి అమ్మవారు పుట్టలో వెలిసింది అనే చెప్తారు.

గంటస్తంభం:
నోటి మాటలో రెండూ కలిసిపోయాయి, నీ తప్పేమీ లేదు. వెలయు అనే క్రియ వేరు, వెలియు వేరు. దేవుడు వెలయును, వెలసెను. వాన వెలియును, వెలిసెను. సమస్యలో "లి" ఉంది, "ల" కాదు, కాబట్టి నీ పద్యంలో ఉరుములతో వాన ఆగిపోయింది, చల్లమిరపకాయలు హాయిగా ఎండుతున్నాయి, ఆవిడ ఎందుకేడుస్తోందో తెలీదు. మొదటి మూడు పాదాలు మాత్రం దాచుకో, ఇంకో సమస్యకి పనికొస్తాయి.

వంశధార (కళింగపట్నం):
మా ఇంట్లో అయితే కరెంటు పోయినంతసేపే ప్రశాంతత. నిన్న మధ్యాహ్నం గాలికి లైన్ తెగి మూడు గంటలు లేదు, ఆ మూడు గంటలూ పులిమేక ఆడుకున్నారు, నేను కాసేపు నడుం వాల్చాను కూడా. ఆ తర్వాత చూసుకోండి:

పిల్లలంత కలిసి సెల్లుకై కలబడ
చార్జి లేక యదియు చల్లబడియె
పవరు వచ్చె నింక పగ్గము లెవరికి?
వాన వెలిసె ననుచు వగచె తల్లి

కృష్ణా కాలవ:
మొదటి పాదంలో పి–సె యతి ఎక్కడ కుదిరిందండీ? ఈసారి మాత్రం దొరికారు.

వంశధార:
ప్రాసయతి బాబూ. పిల్ల–సెల్ల, రెండో అక్షరాలు రెండూ "ల్ల", ముందువి రెండూ గురువులే. గుంటూరులో చెల్లదా?

కృష్ణా కాలవ:
చెల్లుతుంది, చెల్లుతుంది. ఈ వారం ఇక నోరెత్తను.

గంటస్తంభం:
చార్జీ, పవరు, సెల్లు, మూడూ పడ్డాయి, మూడూ గణాల్లో ఒదిగాయి. నాకు అభ్యంతరం లేదు, ఇంట్లో మాట్లాడేదే పద్యంలోకి వస్తుంది. కానీ తల్లి దుఃఖం పవరు వచ్చినందుకు, వాన వెలిసినందుకు కాదు. వాన వెలిస్తే లైన్‌మన్ వచ్చి బాగుచేశాడు అని మనం పక్కనుంచి కలుపుకోవాలి. ఒక మెట్టు ఎగిరి దూకించారు.

వంశధార:
లైన్‌మన్‌ని సూర్యగణంలో ఎక్కడ కూర్చోబెట్టను మాస్టారూ?

తాండ్ర చాప (ఎల్.కోట):
మాది భీమాళి దగ్గరే. మామిడి తాండ్ర వేసే ఇళ్లవాళ్లకి ఈ ఏడు వేసవి వేసవిలా లేదు. పొర మీద పొర రసం పోసి ఎండబెట్టాలి, ఒక పొర ఆరకముందే చినుకు పడితే మొత్తం పోయినట్టే. పట్టా కప్పితే కింద ఉక్కకి పులిసిపోతుంది, తీస్తే తడుస్తుంది. పిల్లలకి కాపలా డ్యూటీ వేశాను, చినుకు చూసి అరవమని. వాళ్లు గాలికి ఆకు కదిలినా అరిచారు, నిజంగా వాన వచ్చినప్పుడు క్యారమ్స్‌లో ఉన్నారు.

తడిసి పోయె తాండ్ర తట్టలు చాపలు
ఊరగాయ మీద నుబికె బూజు
ఇంత జరిగినాక యిప్పుడా తీరిగ్గ
వాన వెలిసె ననుచు వగచె తల్లి

నాగావళి:
"యిప్పుడా తీరిగ్గ" దగ్గర నేను పైకే చదివాను, మా ఆయన పక్క గదిలోంచి "ఏం జరిగింది" అని వచ్చారు.

గంటస్తంభం:
తీరిగ్గ అనేది వ్యావహారికం, తీరికగా అనాలి. అంటే గణం చెడుతుంది. చెడినా మార్చమనను, ఎందుకంటే ఆ ఒక్క మాటలోనే ఆవిడ నడుం మీద చెయ్యేసుకుని ఆకాశాన్ని నిలదీస్తున్నట్టుంది. వంశధార గారికి చెప్పింది ఇక్కడా కొంత వర్తిస్తుంది, ఈవిడ ఏడుపు ఆలస్యానికి. అయినా "ఇంత జరిగినాక" అన్న మాట దానికి దారి వేసింది, ఒప్పుకుంటాను.

చంపావతి:
అక్కా, తాండ్ర మొత్తం పోయిందా?

తాండ్ర చాప:
పై మూడు పొరలు గీకేశాం. అడుగుది మిగిలింది, పిల్లలు గీకిందే తినేశారు.

అరుగు (ఆమదాలవలస):
నాకు గణాలు రావు అమ్మా, మా నాన్నగారు చెప్పగా విన్న చెవి మాత్రం ఉంది. మా మనవరాలు టైపు చేస్తోంది. మావాడు చెన్నైలో పని. నాలుగు రోజులుండి పోతానని వచ్చాడు, వానకి ఇంకో అయిదు రోజులు ఆగిపోయాడు. ఇంటి నిండా జనం, తడి కాళ్లు, ఒకటే గోల, విసుక్కున్నాను కూడా. నిన్న పొద్దున్న తెరిపిచ్చింది.

వలస పోవు కొడుకు వానలో నాగెను
నాలుగైదు నాళ్లు నవ్వె నిల్లు
సంచి భుజము కెత్తె సద్దిమూటను పట్టె
వాన వెలిసె ననుచు వగచె తల్లి

గంటస్తంభం:
అమ్మా, గణాలు రావన్నారు, ఎక్కడా తప్పలేదు. ఒక్కటి చెప్తాను. "భుజముకు" అనకూడదు, "భుజమునకు" అనాలి, అలా అంటే మూడో గణం చెడుతుంది. "సంచి నెత్తి కెత్తె" అంటే వ్యాకరణం నిలుస్తుంది.

అరుగు:
నెత్తి మీద ఎవరు పెట్టుకుంటారు బాబూ ఇప్పుడు? వాడిది వీపుకి తగిలించుకునే సంచి. చేసినది రాయాలి గాని.

గంటస్తంభం:
అదీ నిజమే. మరి ఇలా చూడండి:

సంచి భుజము మీద, సద్దిమూటయు చేత

క్రియ తీసేశాను. ఎత్తడం, పట్టడం అయిపోయాయి, మనిషి గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

అరుగు:
అలాగే నిలబడ్డాడు బాబూ. అదే ఉంచండి.

వంశధార:
మన ఊళ్ల పేర్లలోనే వలస ఉంది కదా, మీదే ఆమదాలవలస. ఎప్పుడో ఎక్కడినుంచో వలస వచ్చి కుదురుకున్న ఊళ్లలోంచి మళ్లీ చెన్నైకి, హైదరాబాదుకి. శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో సెలవుల చివర ప్లాట్‌ఫారం చూస్తే తెలుస్తుంది.

నాగావళి:
అరుగు అమ్మగారి పద్యం చదివాక మా ఆడపడుచు పిల్లల మీద అరవడం ఒక పూట మానేశాను. ఒక పూటే. ఇక చివరిది, మా పెద్దది (తొమ్మిదేళ్లు) నా భుజం మీంచి ఇదంతా చదివి, "అమ్మా, తల్లి అంటే నువ్వే ఎందుకవ్వాలి, కప్ప అవ్వొచ్చు కదా" అంది. పెరట్లో రోట్లో నిలిచిన నీళ్లలో పిల్లకప్పలున్నాయి, రెండు రోజులుగా దానికి అవే లోకం. ఊహ దానిది, గణాలు నావి:

పెరటి రోటి నిండ పిల్లకప్పలు చేరె
తోక యూడ లేదు తొడలు లేవు
రోటి నీరు తరుగు రోజుకో గుక్కెడు
వాన వెలిసె ననుచు వగచె తల్లి

గంటస్తంభం:
సమస్య చదవగానే అందరూ మనిషి తల్లినే అనుకున్నాం. వాన వెలిస్తే నిజంగా, మరే మెలికా లేకుండా ఏడవాల్సిన తల్లి ఇదే. చిన్నపిల్లకి నా ఆశీస్సులు. "తోక యూడ లేదు తొడలు లేవు" అన్నది పుస్తకంలోంచి వచ్చే పాదం కాదు, ఎవరో రోటి మీద వంగి చూస్తే వచ్చింది. ఈ వారం నాకు నచ్చినవి రెండు, ఇదీ అరుగు అమ్మగారిదీ. వీటిలో ఏది ముందని అడక్కండి.

వంశధార:
పద్యం బ్రహ్మాండం. కానీ నేను సైన్స్ టీచర్ని, ఊరుకోలేను. అవి పిల్లకప్పలేనా, దోమపిల్లలా? దోమపిల్లలైతే నీటి పైభాగాన తలకిందులుగా వేలాడుతూ, నీడ పడగానే మెలికలు తిరుగుతూ కిందికి పోతాయి. పిల్లకప్పలైతే గుండ్రటి నల్ల తల, అడుగున పాచి గీకుతుంటాయి. రెండూ ఉండే అవకాశం కూడా ఉంది. నిలవ నీరు వారానికోసారైనా పారబొయ్యాలమ్మా, డెంగ్యూ రోజులు.

నాగావళి:
సెల్‌ఫోన్ లైటు వేసి చూశాం. రెండూ ఉన్నాయి. పారబోస్తానంటే పెద్దది రోలుకి అడ్డం నిలబడింది. చివరికి టీ వడకట్టు తెచ్చి పిల్లకప్పల్ని ఒక్కొక్కటీ మగ్గులోకి తీశాం, ఇరవై మూడు అయ్యాయి, అయిదుగురూ లెక్కపెట్టారు కాబట్టి మూడు రకాల లెక్కలొచ్చాయి, ఇది ఎక్కువమంది ఒప్పుకున్నది. చెరువు దాకా వెళ్లి వదిలొచ్చాం, ఆరు రోజుల తర్వాత అందరం కలిసి గడప దాటడం అదే. రోట్లో నీళ్లు పారబోసి బోర్లించలేక పైన పళ్లెం మూశాను. వడకట్టు ఇక టీకి పనికిరాదు, రేపు కొత్తది కొనాలి. వచ్చే వారం సమస్య ఇచ్చే వంతు ఉద్దానం తమ్ముడిది.