ఆఫీసులో ఉండగా ఏమైనా జరిగితే... ఏం సిద్ధంగా పెట్టుకోవాలి?

ప్రశ్న: మాది పదకొండో అంతస్తు. మొన్న ఫైర్ అలారం మోగగానే మెట్ల మీదుగా కిందికి పరుగెత్తాను. ఫోన్ డెస్క్ మీదే ఉండిపోయింది. పక్కావిడ తన ఫోన్ ఇచ్చారు కానీ మా ఆయన నంబరే గుర్తు రాలేదు. పాప స్కూల్ నంబరూ అంతే. చేతులు వణికిపోయాయి. మీరంతా ఏం చేస్తారు?

జవాబు: నంబర్లు కాగితం మీద రాసి ఐడీ కార్డు వెనక పెట్టుకోండి. పెన్సిల్‌తో రాయండి, తడిసినా అలుక్కుపోదు. డెస్క్ కింద పాత బూట్లు, టార్చి కూడా. హీల్స్‌తో అన్ని మెట్లు దిగడం కష్టమండీ.

జవాబు: నాకు బీపీ, అందుకే మూడు రోజుల మాత్రలు బ్యాగులోనే ఉంటాయి. కాల్ కలవకపోతే ఎస్సెమ్మెస్ పంపండి, నెట్‌వర్క్ రద్దీలోనూ వెళ్లే అవకాశం ఎక్కువ.

ప్రశ్న అడిగినావిడ: ఇప్పుడే రాసుకున్నాను. మేమిద్దరం చిక్కుకుపోతే పాపను ఎవరు తీసుకురావాలో రాత్రికి మాట్లాడుకుంటాం.