యాభై ఏళ్లు దాటిన కారు: వింటేజ్ రిజిస్ట్రేషనా, మామూలు ఆర్‌సీ రెన్యువలా?

మార్క్‌టూ:
2021 జూలైలో కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 81ఏ నుంచి 81జీ దాకా కొత్తగా చేర్చారు. మొదటి రిజిస్ట్రేషన్ తేదీ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న కార్లకూ టూవీలర్లకూ వింటేజ్ గుర్తింపు ఇస్తారు. అప్పటి నుంచి పాత కారున్న ప్రతివాళ్లకూ "వింటేజ్ చేయించెయ్, పదేళ్లు నిశ్చింత" అనే సలహా ఒకటి దొరుకుతోంది. ఆర్‌సీ బతికున్న కారుకు ఈ సలహా ఇవ్వడం తప్పని నా వాదన. వింటేజ్ బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, సాంకేతిక పరిశోధనకు, పెట్రోలు కొట్టించడానికి, రిపేరుకు మాత్రమే రోడ్డెక్కించాలి. రోజువారీ వాడకానికీ కిరాయికీ వీల్లేదు. ఆదివారం పొద్దున ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని గుడికెళ్లడం ఈ జాబితాలో లేదు. ఆ దారిలో ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీ చేతికి మనమే సాకు అందించినట్టవుతుంది.

రేకుపని:
మార్క్‌టూ గారూ, వాడకం సంగతి ఒప్పుకుంటాను. డబ్బు లెక్క కూడా చూడండి. 2025 ఆగస్టు నుంచి 20 ఏళ్లు దాటిన కారుకు రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 10,000 రూపాయలు. అది అయిదేళ్లకే. విదేశాల నుంచి దిగుమతైన కారైతే 80,000. ఫిట్‌నెస్ ఖర్చు, పాత బండ్ల మీద వేసే గ్రీన్ ట్యాక్స్ వేరు. వింటేజ్‌లో మొదటిసారి 20,000 కడితే పదేళ్లు, తర్వాత 5,000తో ఇంకో పదేళ్లు. అంటే ఇరవై ఏళ్లకు వింటేజ్ 25,000, మామూలు దారి 40,000 పైమాటే. దిగుమతి కారుకు 3,20,000! నెలకోసారి బయటికి తీసే కారుకు అంత పోయడం దేనికండీ?

మార్క్‌టూ:
దిగుమతి కారుకు మీ లెక్కే సరైంది, వాదించను. ఇక్కడ తయారైన అంబాసిడర్‌కు, ఫియట్‌కు మాత్రం ఇరవై ఏళ్లలో మిగిలేది పదిహేను వేలు, గ్రీన్ ట్యాక్స్ కలిపితే ఇంకాస్త. ఏడాదికి వెయ్యి కూడా కాదు. ఆ వెయ్యికి కారు వాడుకునే స్వేచ్ఛ వదులుకోమంటే ఎలా?

ఫారం ఇరవై:
ఇద్దరూ ఆర్‌సీ బతికుందనే అనుకుని మాట్లాడుతున్నారు. మన పల్లెల్లో షెడ్డుల్లో ఉన్న కార్లలో చాలావాటికి రెన్యువల్ ఏనాడో ఆగిపోయింది. ఆలస్యానికి కారుకు నెలకు 500, టూవీలరుకు 300 చొప్పున అదనంగా పడుతుంది. ఇలాంటి బండికి వింటేజే మంచి దారి. ఎలా చెయ్యాలో చెప్తాను.

దరఖాస్తు ఫారం 20లో. దానికి ఇన్సూరెన్స్ పాలసీ, ఫీజు, పాత ఆర్‌సీ జతచెయ్యాలి. దిగుమతి బండైతే కస్టమ్స్ దిగుమతి పత్రం (బిల్ ఆఫ్ ఎంట్రీ) కూడా. రాష్ట్రం వేసిన కమిటీ బండిని చూసి వింటేజ్ అని తేల్చాక ఫారం 23ఏలో సర్టిఫికెట్ ఇస్తారు. నియమం ప్రకారం గడువు 60 రోజులు.

పని ఆగిపోయేది ఎక్కువగా రెండుచోట్ల. ఒకటి, చేత్తో రాసిన పాత ఆర్‌సీ పుస్తకం కంప్యూటర్లో ఎక్కి ఉండదు. ముందు ఆ వివరాలు ఎక్కించమని రిజిస్ట్రేషన్ జరిగిన ఆఫీసులోనే అడగాలి, తర్వాతే మిగతాది. రెండోది ఛాసిస్ (బండి చట్రం) నంబరు. ఫారంలో దాని పెన్సిల్ ముద్ర కావాలి. పొరలు పొరలుగా రంగు వేసిన బండిలో అంకెలు పూడిపోయి ఉంటాయి. అక్కడ గ్రైండరు గానీ వైరు బ్రష్షు గానీ తగలనివ్వకండి. అంకె అంచు అరిగితే దిద్దినట్టు కనిపిస్తుంది, ఇక ఆ అనుమానం పోగొట్టడం చాలా కష్టం. పెయింట్ రిమూవర్ పూసి, కాసేపు ఆగి, మెత్తటి గుడ్డతో తుడవండి. పల్చటి కాగితం కదలకుండా టేపుతో అంటించి, మెత్తటి పెన్సిల్‌ని పడుకోబెట్టి రుద్దితే ముద్ర స్పష్టంగా వస్తుంది. మూడు నాలుగు ముద్రలు ఒకేసారి తీసి ఉంచుకోండి. ఛాసిస్ నంబరు రేకు రివెట్లు మాత్రం ఊడదీయకండి.

మార్క్‌టూ:
కమిటీ ముందు ఓడిపోయేది ఇంజను దగ్గరే. పెట్రోలు ధరకు భయపడి ఎన్నో అంబాసిడర్లకు, జీపులకు డీజిల్ ఇంజన్లు దించేశారు. వింటేజ్ అనాలంటే ఛాసిస్, బాడీ షెల్, ఇంజను మార్చి ఉండకూడదని నియమంలోనే ఉంది. 1489 సీసీ పెట్రోలు ఇంజను తీసేసి డీజిల్ పెట్టిన అంబాసిడర్ మార్క్ టూని వింటేజ్ అనడానికి లేదు. మళ్లీ పాత ఇంజను వెతికి వేసినా దాని నంబరు ఆర్‌సీలో ఎక్కాలి.

రేకుపని:
ఇంజనుకు సరే. తుప్పు మాటేమిటి? అంబాసిడర్‌కూ ఫియట్ 1100కూ విడిగా ఛాసిస్ ఫ్రేము లేదు, బాడీయే ఛాసిస్. తలుపుల కింది బాక్సు సెక్షన్లు, ఫ్లోరు తుప్పు తినని పాత బండి అరుదు. కుళ్లిన రేకు కోసి, అదే ఆకారంలో 18 గేజి రేకు వంచి వెల్డింగ్ చేస్తే అది మరమ్మతే, మార్పు కాదు. కానీ అలా అని కమిటీకి ఎలా తెలుస్తుంది? కొయ్యకముందు, కోశాక, అతికాక ఫొటోలు తీసి పెట్టుకోవాలి. రంగు పడ్డాక ఏదీ కనిపించదు. స్టాండర్డ్ హెరాల్డ్‌కు ఈ తంటా తక్కువ, దానికి ఫ్రేము వేరుగా ఉంటుంది.

నల్లప్లేటు:
అసలు చాలామంది వెనకాడేది నంబరు పోతుందని. పాత మూడక్షరాల ఏపీ సిరీస్ నంబరు పోయి 'వీఏ' అనే వింటేజ్ నంబరు వస్తుందేమోనని. అది అపోహ. ఇప్పటికే రిజిస్టరైన కారు తన పాత నంబరే ఉంచుకోవచ్చు. కొత్తగా రిజిస్టరయ్యే బండికే రాష్ట్రం కోడు, తర్వాత వీఏ, రెండక్షరాల సిరీస్, 0001 నుంచి 9999 లోపు అంకె వస్తాయి.

ఇక ప్లేటు. సొంత కార్లకు ఒకప్పుడు నల్ల ప్లేటు మీద తెల్ల అక్షరాలుండేవి. కారు పాతది కాబట్టి ఇప్పటికీ అదే పెట్టుకోవచ్చని వాదించేవాళ్లున్నారు. కుదరదు. సొంత బండికి తెల్ల ప్లేటు మీద నల్ల అక్షరాలే, కారుకు అక్షరం ఎత్తు 65 మిల్లీమీటర్లు, గీత మందం 10, అక్షరాల మధ్య ఎడం 10. నల్ల ప్లేటు అంత ఇష్టమైతే ప్రదర్శనలో బండి ఆపాక తగిలించండి, రోడ్డెక్కేముందు తీసెయ్యండి. ఇప్పటి 500 బై 120 మిల్లీమీటర్ల ప్లేటు పాత బంపరు మీద సరిగా కూర్చోదు. అందుకని బంపరుకు బెజ్జాలు వెయ్యకండి. క్రోమ్ పూత పగిలినచోటే తుప్పు మొదలవుతుంది. బంపరు బోల్టులకే రేకు పట్టీ బిగించి, దాని మీద ప్లేటు పెట్టండి.

రేకుపని:
బ్రిటన్‌లో 1980కి ముందు తయారైన, చారిత్రక వాహనంగా నమోదైన కారుకు నల్ల ప్లేటు చట్టబద్ధమే. 40 ఏళ్లు దాటితే రోడ్డు పన్ను లేదు, సొంతానికి వాడుకోవడం మీద మన దగ్గరున్నంత కట్టడీ లేదు. మన నియమం కూడా అలా ఉంటే ఈ చర్చే అక్కర్లేదు.

మార్క్‌టూ:
అది నేనూ కోరుకునేదే. నెలకు ఇన్ని రోజులని లెక్క పెట్టి సొంత వాడకానికి వదిలినా చాలు. అంతవరకు ఆర్‌సీ బతికున్న కారుకు గడువు ముగియకముందే ఫారం 25 ఇచ్చి రెన్యువల్ చేయించమనే చెప్తాను.

ఫారం ఇరవై:
ఆ ఫారం గడువుకు 60 రోజుల లోపే ఇవ్వాలి, మరీ ముందు తీసుకోరు. తనిఖీకి వెళ్లేముందు హ్యాండ్ బ్రేకు, వైపరు, హారను, వెనక నంబరు ప్లేటు లైటు చూసుకోండి. పాత బండ్లలో ఆ చిన్న లైటుకు బాడీ ఎర్తింగు తుప్పు వల్ల తెగిపోతుంది. కొత్త బల్బు వేసినా వెలగదు, విడిగా ఒక ఎర్తు వైరు లాగాలి.