సైన్స్ పాఠం: ముందే చెప్పాలా, పిల్లల్నే కనుక్కోనివ్వాలా?

లోలకం టీచర్:
ఈ వారం నా క్లాసులో జరిగింది చెప్తాను. దారం, రకరకాల గుండ్లు, స్టాప్‌వాచ్ చేతికిచ్చి "లోలకం ఒకసారి ఊగి రావడానికి పట్టే సమయం దేన్నిబట్టి మారుతుందో మీరే తేల్చండి" అన్నాను. రెండు పీరియడ్లు పిల్లలు తల ఎత్తలేదు. తీరా నోట్‌బుక్కులు చూస్తే సగం గ్రూపులు "బరువు పెరిగితే సమయం పెరుగుతుంది" అని రాశాయి. నిజానికి సమయాన్ని మార్చేది పొడవు, బరువు కాదు. పెద్ద గుండు కట్టినప్పుడల్లా లోలకం పొడవు కూడా కాస్త పెరిగింది, అది ఎవరూ గమనించలేదు. "ముందే చెప్పేస్తే పది నిమిషాల్లో అయిపోయేది కదా" అంటున్నారు తోటి టీచర్. నాకు మనసొప్పడం లేదు. మీరేమంటారు?

సుద్దముక్క:
మీ తోటి టీచర్ మాటే సరైనదండి. 2004లో క్లార్, నిగమ్ అనే పరిశోధకులు 3, 4 తరగతుల పిల్లలు 112 మందితో వాలుబల్లల మీద బంతులు దొర్లించే ప్రయోగాలు చేయించారు. ఒకసారికి ఒక్క అంశాన్నే మార్చాలని వివరించి చెప్పిన గుంపులో 77 శాతం మందికి ఆ పద్ధతి పట్టుబడింది. సొంతంగా కనుక్కోమని వదిలేసిన గుంపులో 23 శాతానికే. మీ క్లాసులో జరిగిందీ అదే.

ఒక అమ్మ:
మా అబ్బాయికి ఓమ్ నియమం నిద్రలో లేపి అడిగినా వచ్చు. ఒకేలాంటి రెండు బల్బులు ఒకదాని తర్వాత ఒకటి కలిపితే ఏది ఎక్కువ వెలుగుతుందని అడిగితే మాత్రం "మొదటిది" అన్నాడు. కరెంటు అక్కడే కొంత ఖర్చయిపోతుందట! స్కూల్లో పాఠం బాగానే చెప్పారు మరి.

మార్గదర్శి:
సుద్దముక్క గారూ, ఆ పరిశోధనలో "చెప్పడం" అంటే ఉపన్యాసం కాదు. టీచర్ ప్రయోగం అమర్చి, "దీన్నిబట్టి కచ్చితంగా తేల్చగలమా?" అని పిల్లల్ని అడిగి, ఆ తర్వాతే వివరించారు. నా దృష్టిలో అసలు కిటుకు ఆ ప్రశ్నలోనే ఉంది.

1998లో హేక్ హైస్కూలు, కాలేజీ ఫిజిక్స్ కోర్సులు 62 పరిశీలించారు. మొదట్లో తెలియని దాంట్లో, ఉపన్యాసం విన్న క్లాసులు సగటున 23 శాతం నేర్చుకుంటే, ఆలోచించి చర్చించుకున్న క్లాసులు 48 శాతం నేర్చుకున్నాయి. అక్కడా టీచర్ తప్పుకోలేదు.

అమ్మ గారూ, మీ బాబు చేత ముందు తన జవాబు కాగితం మీద రాయించండి. ఎందుకో కూడా రాయమనండి. తర్వాత స్విచ్ వేయండి. రెండూ సమానంగా వెలుగుతాయి. వాడి ముఖం చూడండి! సర్క్యూట్ అంతటా ఒకే కరెంటు ప్రవహిస్తుందని సరిగ్గా ఆ క్షణంలో చెప్పాలి. అప్పటికి వాడికే ఆ వివరణ కావాలి.

సుద్దముక్క:
ఒప్పుకుంటాను, కానీ ఒక భయం. తప్పు జవాబు చేత్తో రాస్తే అదే మనసులో ఉండిపోదా?

మార్గదర్శి:
అలాగే వదిలేస్తే ఉండిపోతుంది. అందుకే ఆ పీరియడ్ అయ్యేలోపే తేల్చేయాలి. లోలకం క్లాసులో లోటు అదే అనుకుంటాను.

లోలకం టీచర్:
నిజమే, నేను తేల్చకుండానే గంట కొట్టేశారు. రేపు పొడవును గుండు మధ్య వరకూ కొలవాలని ముందే చెప్తాను. బరువు సంగతి మాత్రం చెప్పను. అందరి చేతా ఊహ రాయించి, పది ఊపుల సమయం కొలిపిస్తాను. ఆ పాత నోట్‌బుక్కులు కూడా తెమ్మంటాను.