'చేతికొచ్చిన కుర్రాళ్ళు' అనొచ్చా? బేస్‌బాల్ ప్రాస్పెక్ట్‌కి తెలుగు మాట

అమెరికన్ బేస్‌బాల్‌లో అన్నిటికన్నా పై స్థాయి మేజర్ లీగ్. అక్కడికి ఇంకా చేరకపోయినా చేరతాడని ఆశపెట్టుకున్న కుర్రాణ్ణి ప్రాస్పెక్ట్ అంటారు. దానికి 'వర్ధమాన ఆటగాడు' చాలదా అని కొందరు అడుగుతున్నారు, నా మట్టుకు చాలదు. నిన్న సంతకం పెట్టిన పదహారేళ్ళవాడూ వర్ధమానుడే, రేపో మాపో మేజర్ లీగ్‌లో దిగబోయేవాడూ వర్ధమానుడే. అభిమానులు కొట్టుకునేదంతా ఆ ఇద్దరి మధ్య తేడా గురించే. మేజర్ లీగ్‌కి దిగువన, కింది నుంచి పైకి సింగిల్-ఎ, హై-ఎ, డబుల్-ఎ, ట్రిపుల్-ఎ, ఇన్ని మెట్లలో వాడు ఎక్కడున్నాడన్నది మాటలో తెలియాలి.

ట్రిపుల్-ఎ దాకా వచ్చినవాళ్ళని నేను 'చేతికొచ్చిన కుర్రాళ్ళు' అంటాను. కొడుకు చేతికొచ్చాడంటే ఇప్పటికే ఇల్లు నడుపుతున్నాడని కాదు, ఇక అందుకుంటాడని. తెలంగాణలో 'చేతికచ్చిండు' అన్నా అదే భావం. చేతికొచ్చిన పంట కూడా ఇంకా గాదెకి చేరలేదు, చేలోనే ఉంది.

మేజర్ లీగ్ జట్టు బాల్టిమోర్ ఓరియోల్స్‌నే తీసుకోండి. 2018లో 115 మ్యాచ్‌లు, 2021లో 110 ఓడిపోయారు. అలా అడుగున పడ్డందుకే డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్ళని ఎంచుకునే చోట, ముందు వరుస దక్కింది. 2019లో మొదటి ఎంపిక ఆడ్లీ రట్ష్‌మన్, అదే ఏడు రెండో రౌండ్‌లో గన్నర్ హెండర్సన్, 2022లో మళ్ళీ మొదటి ఎంపిక జాక్సన్ హాలిడే. 2023 వచ్చేసరికి పైన ఓరియోల్స్ 101 గెలిస్తే, కింద వాళ్ళ ట్రిపుల్-ఎ జట్టు నార్ఫోక్ టైడ్స్ ఆ స్థాయిలో జాతీయ ఛాంపియన్ అయింది. హాలిడే ఆ ఒక్క ఏడాదిలోనే సింగిల్-ఎ నుంచి ట్రిపుల్-ఎ దాకా ఓరియోల్స్ కింది జట్లు డెల్మార్వా, అబర్డీన్, బౌవీ, నార్ఫోక్ నాలుగూ ఎక్కేశాడు. పై జట్టులో ఉన్నవి 26 చోట్లే, అందులోనూ ఇన్‌ఫీల్డ్ (బేస్‌ల దగ్గర ఫీల్డింగ్ చేసే స్థానాలు) అప్పటికే కిక్కిరిసి ఉంది. అందుకే 2024 ఫిబ్రవరిలో ఇన్‌ఫీల్డర్ జోయ్ ఓర్టిజ్‌నీ, పిచ్చర్ (బంతి విసిరేవాడు) డీఎల్ హాల్‌నీ ఒక డ్రాఫ్ట్ ఎంపికతో కలిపి మిల్వాకీ జట్టుకి ఇచ్చి, మేటి పిచ్చర్‌కి ఇచ్చే సై యంగ్ అవార్డు గెలిచిన కోర్బిన్ బర్న్స్‌ని తెచ్చుకున్నారు. చేతికొచ్చినవాళ్ళు అంతమంది ఉంటే గానీ చెయ్యగలిగే బేరం కాదు అది.

ఈ కింది జట్ల వ్యవస్థని ఫార్మ్ సిస్టమ్ అంటారు, అందులో పొలం ఉంది కాబట్టి ప్రాస్పెక్ట్‌ని 'నారు' అందాం అని ఒకరు రాశారు. మొత్తం వ్యవస్థకి నారుమడి అంటే నాకూ ఇష్టమే. 1920లలో సెయింట్ లూయిస్ కార్డినల్స్‌లో బ్రాంచ్ రికీ దాన్ని నిలబెట్టింది కూడా ఆటగాళ్ళని బయట కొనకుండా సొంతంగా పెంచుకోవడానికే. కానీ నార్ఫోక్‌లో ఉన్నవాణ్ణి నారు అంటే ఒప్పుకోలేను, డెల్మార్వాలో ఉన్నవాణ్ణి అనండి.

ఇంకొకరి అభ్యంతరం, 'చేతికొచ్చిన పంట' అనగానే పేపర్లో 'నీటిపాలు' అనే వస్తుంది, అపశకునంగా ఉంది అని. నిజమే, ఆ భయం ఆ మాటలో ఉంది, నాకు నచ్చింది కూడా అందుకే, ఎందుకంటే ట్రిపుల్-ఎలో ఇరగదీసినవాడు పైన నిలబడతాడన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. హాలిడే 2024 ఏప్రిల్‌లో పైకొచ్చి 34 సార్లు బ్యాట్ పట్టి రెండంటే రెండు హిట్లు కొట్టాడు, మళ్ళీ నార్ఫోక్ పంపేశారు. జులై ఆఖర్న తిరిగొచ్చాక అతని మొదటి హోమ్ రన్ గ్రాండ్ స్లామ్, అంటే మూడు బేస్‌లూ నిండి ఉండగా కొట్టింది. 'భావి తార' అని రాస్తే ఈ ఊగిసలాటంతా మాయమైపోతుంది, అప్పుడే తారని చేసేసి కూర్చుంటాం.

ఇలాంటివాళ్ళు చాలామంది ఉన్నారనడానికి 'ప్రతిభా సంపద' మాత్రం వద్దండి, సన్మానపత్రంలా ఉంటుంది. మనకి 'కొదవలేదు' అనే మంచి మాట ఉండగా అదెందుకు? 'ఓరియోల్స్‌కి చేతికొచ్చిన కుర్రాళ్ళకి కొదవలేదు, కొరతంతా పిచ్చర్లకే' అని రాయండి, ఆట తెలియనివాళ్ళకి కూడా సగం అర్థమవుతుంది. ఒక్కటి, పైకొచ్చి స్థిరపడ్డ హెండర్సన్ లాంటివాళ్ళకి ఈ మాట వాడకండి. 2023లో కొత్తగా వచ్చినవాళ్ళలో మేటికి ఇచ్చే రూకీ ఆఫ్ ది ఇయర్ కొట్టాక అతను చేతికొచ్చినవాడు కాదు, జట్టుకి చెయ్యే.